నీలమే, వదినా

ఆ వీధిలో ఎవర్నడిగినా బొంతలక్క ఇల్లు చూపిస్తారు. తాళాలు బాగుచేసే అతని కొట్టుకి ఎదురుగా, గుమ్మంలో చెప్పులకన్నా గుడ్డపీలికలు ఎక్కువ కనిపించే ఇల్లు. ముందుగదే పనిగది. ఒక గోడ పొడవునా అచ్చు వేసే బల్ల, రెండో గోడకి కుట్టుమిషను, మధ్యలో నేలమీద బొంత. ఒకటి ముగించి మడతపెట్టేలోపే ఇంకొకటి పరుచుకుంటుంది కాబట్టి ఆ ఇంటికి వచ్చేవాళ్ళు గోడవార నడవడం అలవాటు చేసుకున్నారు. అలవాటు చేసుకోనివాళ్ళకి బొంతలక్క నోరే దారి చూపిస్తుంది.

ఆ నోరు మామూలు నోరు కాదు. గుడ్డల షావుకారు కొలతలో నాలుగు వేళ్ళు తగ్గిస్తే, ఆ నాలుగు వేళ్ళూ అతని చేతనే మళ్ళీ కొలిపించి, పైన రెండు వేళ్ళు వడ్డీ కట్టించుకుని మరీ బయటికొచ్చే మనిషి. కుళాయి దగ్గర గొడవైతే వీధిలోవాళ్ళు ముందు ఆవిడ ఎటువైపు ఉందో చూసుకుని, తర్వాత న్యాయం ఎటువైపు ఉందో ఆలోచించేవాళ్ళు. అంత నోరున్న మనిషి, రెండక్షరాల మాట ఒకటి చెప్పాల్సిన రోజున చెప్పకుండా మింగేసింది. ఒక్కరోజు కాదు, ఏడాదికి పైగా మింగుతూనే ఉంది.

బొంత కుట్టడం ఆవిడకి పుట్టింట్లో అబ్బిన విద్య. అడుగున ఒక గుడ్డ, మధ్యలో ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతగుడ్డలు పొరలు పొరలుగా, పైన ముక్కలు అతికిన ముఖం గుడ్డ. అన్నీ కదలకుండా పొడుగు కుట్లతో కచ్చాగా పట్టేసి, ఆ తర్వాత అంచు నుంచి లోపలికి చుట్టూ తిరుగుతూ చిన్న చిన్న కుట్లు. మధ్యకి చేరేసరికి నడుం పట్టేస్తుంది, చూపుడువేలు జల్లెడవుతుంది. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆవిడ తనకోసం ఒకటి కుట్టుకుంటుంటే వదిన వచ్చి పక్కన కూర్చుంది. బొంతని అటూ ఇటూ తిప్పి చూసి, కుట్టు బంగారంలా ఉంది గానీ గుడ్డే దిక్కుమాలినట్టుంది, గుడ్డ సంగతి నాకొదిలెయ్ అంది. వాళ్ళ వ్యాపారం అక్కడ పుట్టింది.

వదినంటే భర్తకి అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి. వయసంతా ఒక అద్దకం కార్ఖానాలో గడిపింది. పెళ్ళి ఊసెత్తితే గోళ్ళ సందుల్లో రంగు చూపించి, ఈ చేతులతో వడ్డిస్తే ఎవడు తింటాడని నవ్వేసేది. కార్ఖానా మూతపడ్డ రోజున అందరూ గేటు ముందు కూర్చుని గోలపెడుతుంటే, ఆవిడ మాత్రం తను వాడిన చెక్క చట్రాలు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చేసింది. ఆ చట్రాలకి దోమతెరకన్నా సన్నటి గుడ్డ బిగించి ఉంటుంది. బొమ్మ ఉన్నంతమేర సందులు తెరిచి, మిగతాదంతా మందు పూసి మూసేస్తారు. చట్రాన్ని గుడ్డమీద పెట్టి, రంగు పోసి, రబ్బరు పలకతో ఒక్క లాగు లాగితే బొమ్మ కిందికి దిగుతుంది. చూడ్డానికి ఇంతే. లాగేటప్పుడు మోచెయ్యి ఒణికిందా, గుడ్డతాను మొత్తం పాడు.

వదిన సొంతంగా గీసిన బొమ్మ ఒకటుంది, ఆకుల తీగ. తీగలన్నీ ముందుకు పాకుతాయి కదా, ఈ తీగ కొస మాత్రం ఇంట్లో ఏదో మర్చిపోయినట్టు వెనక్కి తిరుగుతుంది. ఆ తీగ అచ్చువేసిన గుడ్డతోనే బొంతల పైముఖాలు కుట్టేవాళ్ళు.

ఈ ఇద్దరి పనిలో వదిన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. రంగు కలిపినవాళ్ళు ఆ రంగు పేరు చెప్పకూడదు, పక్కవాళ్ళు చెప్పాలి. కలుపుతున్నంతసేపూ దాన్నే చూస్తుంటే కన్ను లొంగిపోతుందిట, ఉన్నది మానేసి అనుకున్నది చూస్తుందిట. కార్ఖానాలో ఒకాయన ఇలాగే పొద్దంతా ఎరుపు కలిపి, సాయంత్రానికి ఇటికరంగునే ఎరుపనుకుని తానులకి తానులు తగలేశాడని వదిన కథలు కథలుగా చెప్పేది. అందుకని గిన్నెలో రంగు కలిపాక తెల్లగుడ్డ ముక్కమీద ఇంత రాసి, కిటికీ దగ్గర వెలుతుర్లో పట్టుకుని "పలుకు" అనేది. బొంతలక్క సూది ఆపి, తలెత్తి చూసి, కనిపించింది కనిపించినట్టు పలకాలి. పలికాకే రంగు చట్రంలోకి వెళ్ళేది.

మొదట్లో బొంతలక్క ఆ పని భలే సరదాగా చేసేది. ఆకుపచ్చ కుదరకపోతే జబ్బుచేసిన చిలక అనేది. ఇటికరంగు చూపిస్తే మీ తమ్ముడికి కోపమొచ్చినప్పటి ముక్కు అనేది. వదిన నవ్వాపుకుంటూ మళ్ళీ కలిపేది. అలా ఇద్దరూ కలిసి నల్లజుట్టు నెరిసేదాకా పనిచేశారు. ఒకళ్ళనొకళ్ళు ఒక్కసారి కూడా అనుమానించుకోలేదు.

పెద్దబజారులో దుప్పట్ల కొట్టు పెట్టిన ఒకావిడ వచ్చి, నీలం తీగ వేసిన బొంత నమూనాకి ఒకటి కావాలని అడిగి వెళ్ళింది. కొట్టావిడ అనే అందాం. ఆవిడకి చూపించడానికి వదిన నీలం కలపడం మొదలుపెట్టింది. డబ్బాలో నీలమే ఈమధ్య పచ్చబారి వస్తోందని గొణుక్కుంటూ, ఆ పచ్చదనం విరగడానికి ఎరుపు చుక్కలు వేసింది. ఇంకాస్త వేసింది. గుడ్డముక్కకి రాసి కిటికీ దగ్గరికి వెళ్ళింది. ఎప్పుడూ లేనిది, ఆరోజు "పలుకు" అనలేదు.

"నీలం కదే?" అంది.

బొంతలక్క పళ్ళమధ్య సూది. గుడ్డముక్క మీద ఉన్నది నీలం కాదు, ఊదా. ఎవరో చెప్పక్కర్లేదు, పసిపిల్లయినా చెప్తుంది. ముందు వదిన ఆటపట్టిస్తోందనుకుంది. మొహం చూస్తే ఆట లేదు. కళ్ళు చికిలించుకుని, గుడ్డముక్కని ముక్కుదాకా తెచ్చుకుని, మళ్ళీ దూరంగా పట్టుకుని, మరదలి జవాబు కోసం చూస్తోంది. కాదని చెప్పించుకుందామన్నట్టూ ఉంది, కాదనకే తల్లీ అన్నట్టూ ఉంది. బొంతలక్క వాళ్ళ తాతకి కంట్లో శుక్లాలు వచ్చినప్పుడు ఆయనా ఇలాగే వస్తువుల్ని దగ్గరికీ దూరానికీ జరుపుకునేవాడు. అది ఆ క్షణాన గుర్తుకొచ్చింది కూడా. గుర్తుకు రాలేదని తర్వాత్తర్వాత తనకి తాను నచ్చజెప్పుకోవాలని చూసింది గానీ, వచ్చింది.

సూది తీసి, "నీలమే, వదినా" అంది.

ఎందుకలా అన్నావని ఆమెనే అడిగితే నీళ్ళు నమిలేది. జాలేసింది. పెద్దావిడ మొహమ్మీద కొట్టినట్టు ఎలా చెప్పడం అనిపించింది. మళ్ళీ కలిపితే పూట పోతుందన్న బద్ధకమూ కాస్త ఉంది. వదిన గట్టిగా ఊపిరి వదిలి, మొహం విప్పారి, చట్రం దించి రబ్బరు పలక అందుకుంది. బొంతలక్క మనసులో, ఎలాగూ ఆ కొట్టావిడ వద్దంటుంది, అప్పుడు మెల్లగా చెప్పొచ్చులే అనుకుంది.

కొట్టావిడ వద్దంటే ఈ కథ లేకపోను. బొంతని బల్లమీద పరిచి, చెయ్యేసి రాసి, ఇలాంటి రంగు ఎక్కడా చూళ్ళేదంది. దానికి మబ్బురంగని పేరు కూడా పెట్టుకుంది. ఇలాంటివే ఇంకా కావాలంది, ఆ తీగలో ఆకులకి కూడా ఏదైనా కొత్తరంగు వేయమంది. వదిన ఆకుపచ్చ కలిపితే, అది తన కంటికి పసుపెక్కువగా కనిపించి, పసుపు తగ్గించి తగ్గించి నెమలిమెడ రంగు చేసిపెట్టింది. పసుపు కలిపితే మీగడలా పాలిపోయింది. బూడిదరంగు అడిగితే లేత ఊదా వచ్చింది. అన్నీ కలిపి ఒక బొంత మీద చూస్తే, నిజం చెప్పాలంటే, కన్ను తిప్పుకోలేం. కొట్టావిడ కళ్ళు మూసుకుని ఎంత కుడితే అంతా పట్టుకుపోయేది.

మొదటి అబద్ధం జాలితో ఆడింది, పోనీ దాన్ని వదిలేద్దాం. రెండోదానికి ఆ వంక కూడా లేదు. వదిన గుడ్డముక్క పట్టుకోగానే, గొంతుని బట్టి ఆవిడ ఏ రంగు అనుకుంటోందో బొంతలక్క పసిగట్టేది. ఆ పేరే పలికేది. ఆకుపచ్చేనా అన్నట్టుంటే ఆకుపచ్చ. బూడిదా అన్నట్టుంటే బూడిద. చిలకలూ ముక్కులూ అన్న వేళాకోళాలు మానేసింది. కొట్టావిడ వచ్చినప్పుడల్లా తనే గుమ్మం దగ్గరికెళ్ళి మాట్లాడేది, లోపలికి వస్తే ఎక్కడ ఊదా అన్నమాట వదిన చెవిన పడుతుందోనని. భర్తతో ఆ భయం లేదు. అతనికి తెలిసిన రంగులు నాలుగే, అందులో రెండు తరచూ కలిసిపోతుంటాయి.

ఇంతలో వదిన చూపు మీద ఇంటిల్లిపాదీ నిందలు వేయసాగారు. అంటే చూపు మీద కాదు, చూపు తప్ప అన్నిటిమీదా. బల్బు గుడ్డిదన్నారు, మార్చారు. గోడలకి సున్నం మాసిందన్నారు, వేయించారు. గుడ్డల షావుకారు తెలుపని చెప్పి గోధుమరంగు అంటగడుతున్నాడని వదిన ఒకరోజు గుడ్డతాను భుజాన వేసుకుని వెళ్ళి బజార్లో నిలబెట్టి కడిగేసింది. పాపం ఆ షావుకారు తానంతా విప్పి, అది మల్లెపూవంత తెల్లగా ఉందని దారినపోయేవాళ్ళ చేత కూడా చెప్పించబోయాడు. బొంతలక్క వదిన పక్కనే నిలబడి ఉంది. అతను ఆమెవైపు చూసి, మీరైనా చెప్పండమ్మా అన్నాడు. నాలుగు వేళ్ళ గుడ్డ కోసం అతనితో ఎన్నిసార్లు పోట్లాడిందో లెక్కలేదు గానీ, ఆరోజు అతను అడిగినదానికి జవాబు చెప్పలేక, తల దించుకుని, వదిన చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చేసింది.

ఆ రోజు నుంచి ఆమెకి తిన్నది ఒంటబట్టలేదు. చేసేది తప్పని తెలుస్తూనే ఉంది, ఎవరూ చెప్పక్కర్లేదు. చెప్పేస్తే ఆపరేషను చేయిస్తారు. ఆపరేషనైతే వదినకి మామూలు రంగులు కనిపిస్తాయి. అప్పుడు మామూలు రంగులే కలుపుతుంది. కొట్టావిడ రాదు. మళ్ళీ తలుపుతలుపుకీ బొంతలు మోసుకు తిరగాలి. ఈ నాలుగు ముక్కలూ వరసగా ఆమె మనసులో నడిచేవి, నడిచిన ప్రతిసారీ తన మీద తనకే రోత పుట్టేది. ఆ రోత కడుక్కోడానికి వదినకి సేవలు మొదలుపెట్టింది. సూదిలో దారం ఎక్కించి ఇచ్చేది. కిటికీ పక్కన మెత్త వేసేది. మరీ వెలుతురొచ్చే బల్బు వెతికి తెచ్చి బల్ల మీద వేలాడదీసింది. నా కూతురున్నా ఇంత చూసుకునేది కాదే అని వదిన అంటే, చెంపదెబ్బ తిన్నట్టు వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఒకరోజు భర్త అన్నం తింటూ, అక్క గడప తట్టుకుంటోంది, ఎదురుగా వచ్చినా గొంతు వింటేగానీ పోల్చుకోవట్లేదు, కళ్ళ డాక్టరుకి చూపిద్దామా అని అడిగాడు. అదీ అసలైన రోజు. ఔనంటే చాలు. ఒక్క తలూపితే చాలు.

"ఈ ఆర్డరు అయిపోనివ్వండి, వెళ్దాం" అంది బొంతలక్క.

అతను సరేనన్నాడు. అక్క పక్కనే పొద్దస్తమానం ఉండే మనిషి చెప్తుంటే కాదనడానికి అతనెవరు. ఆ ఆర్డరు అయింది. ఇంకోటి వచ్చింది. అతను మళ్ళీ ఒకటి రెండుసార్లు కదిపి, ఆమె ఏదో ఒకటి చెప్తే ఊరుకున్నాడు.

వానలు వెనకపట్టిన రోజుల్లో, ఒక ఉదయం, వదిన రబ్బరు పలక లాగుతూ లాగుతూ మధ్యలో ఆగిపోయి, ఎడం కంటి మీద అరచెయ్యి అదిమిపట్టుకుని బల్లకి ఆనుకుంది. కన్ను నిప్పుకణికలా ఎర్రబడింది. తల పగిలిపోతోందంది, వాంతి చేసుకుంది. తాళాల కొట్టు అతను పరుగెత్తుకెళ్ళి బండి తెచ్చాడు. బొంతలక్క వదినని పొదివి పట్టుకుని కూర్చుంది.

డాక్టరమ్మ లైటు వేసి రెండు కళ్ళూ చూసింది. చుక్కల మందు వేయించి, నొప్పి తగ్గాక సంగతి చెప్పింది. ఎడం కంట్లో శుక్లం బాగా ముదిరి ఉబ్బిపోయిందిట, లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతిందిట. ఆపరేషను చేసినా ఆ కంట్లో చూపు పెద్దగా రాదు. కుడికన్ను నయమే, దానికి వెంటనే చేస్తే బాగా కనిపిస్తుంది. కిందటేడు వచ్చి ఉంటే రెండూ దక్కేవి కదా, ఇన్నాళ్ళు ఏం చేశారని అడిగింది. ఇంత ముదిరిందంటే రంగులు మారిపోయి కనిపించి ఉండాలే, అనుమానం రాలేదా అంది.

వదిన మంచం మీద లేచి కూర్చుంది. మొహం పీక్కుపోయి ఉంది గానీ గొంతులో పొగరు తగ్గలేదు.

"రంగుల పనేనమ్మా నాది. తేడా ఉంటే తెలియకపోవడమేంటి. నేను కలిపిన ప్రతి రంగూ మా మరదలు చూసి పేరు చెప్తుంది. ఒక్కటి కూడా తప్పు రాలేదు. కావాలంటే అడగండి."

డాక్టరమ్మ తిరిగి చూసింది. భర్త కూడా చూశాడు. ఆ గదిలో నేల మీద రాళ్ళు తెల్లవీ నల్లవీ కలిపి పరిచి ఉన్నాయి, బొంతలక్క వాటినే చూస్తూ నిలబడింది. డాక్టరమ్మ ఏమనుకుందో ఏమో, ఇంకేమీ అడక్కుండా చీటీ రాసిచ్చి వెళ్ళిపోయింది.

కుడికంటికి ఆపరేషను అయి కట్టు విప్పేదాకా బొంతలక్క చెప్పేద్దామని ఎన్నిసార్లనుకుందో. కట్టుతో ఉన్న మనిషికి ఎలా చెప్పడం అని ఒకసారి ఆగింది. పక్కమంచం వాళ్ళు వింటారని ఒకసారి ఆగింది. వంకలకేం కొదవ. ఇంటికెళ్ళి పనిగదిలో ఉన్న రంగు గుడ్డలన్నీ మూటకట్టి అటకమీద పడేస్తే, వదినకి ఎప్పటికీ తెలియదన్న ఆలోచన కూడా వచ్చింది. మూటకట్టింది కూడా. అటక ఎక్కబోయి, నిచ్చెన మీద సగంలో ఆగి, ఛీ, నేనింత దిగజారానా అనుకుని ఏడ్చింది. మూట విప్పి, ఏ గుడ్డ ఎక్కడిదో అక్కడ పెట్టేసింది.

కట్టు విప్పిన రోజు ముగ్గురూ బండిలో ఇంటికి బయల్దేరారు. వదిన కుడికన్నుతో లోకాన్ని కొత్తగా చూస్తోంది. ఆకాశం ఇంత నీలమా అంటుంది. నీ చొక్కా ఇంత మాసిపోయిందేంట్రా అని తమ్ముణ్ణి తిడుతుంది. మరదలి మొహం దగ్గరగా లాక్కుని, జుట్టు నెరిసిందే నీకు, నాకు చెప్పలేదేం అని నవ్వుతుంది. బొంతలక్క నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. పెద్దబజారు కూడలిలో బండ్లు అడ్డంపడి వీళ్ళ బండి ఆగింది. పక్కనే కొట్టావిడ కొట్టు, అద్దం వెనకాల వేలాడదీసిన బొంత.

వదిన మెడ చాచి చూసింది. ఆ ఊదా ఎంత బాగుందే, ఎవరో గానీ గుండెధైర్యం ఉన్నవాళ్ళే కలిపారంది. అలా చూస్తూ చూస్తూ ఒక్కసారి ముందుకి వంగింది.

"అరె, అది నా తీగ కదే. ఎవడో దొంగవెధవ నా తీగని ఎత్తుకుపోయి ఊదాలో వేశాడు. కొస కూడా అలాగే వెనక్కి తిప్పాడు చూడు. ఉండు, దిగి అడుగుతాను."

దిగబోతున్న మనిషి మణికట్టు బొంతలక్క గట్టిగా పట్టుకుంది.

"దిగొద్దు వదినా. ఆ దొంగని నేనే."

అప్పుడు చెప్పింది. కూడలిలో హారన్ల మోతలో, బండివాడు వింటున్నాడో లేదో కూడా చూసుకోకుండా, మొదటి గుడ్డముక్క నుంచి ఆర్డరు అయిపోనివ్వండి అన్నమాట దాకా ఏదీ దాచకుండా చెప్పింది. భర్త నోరు తెరుచుకుని భార్యనే చూస్తుండిపోయాడు. వదిన మాత్రం అద్దం వెనకాల బొంతనే చూస్తోంది.

చివరికి, "మొదటిరోజే తెలుసా నీకు?" అంది.

"తెలుసు."

"ఆరోజు నాకూ అనుమానంగానే ఉందే" అంది వదిన. ఆవిడ గొంతు అంత చిన్నగా బొంతలక్క ఎప్పుడూ వినలేదు. "అందుకే పలుకు అనకుండా, నీలం కదా అని అడిగాను. నువ్వు కాదంటే మర్నాడే డాక్టరు దగ్గరికి పోదామనుకున్నా. నీలమే అన్నావు. ఇంక భయం లేదనుకున్నా."

బండి కదిలింది.

తిడితే బాగుండును అనిపించింది బొంతలక్కకి. పళ్ళెం విసిరికొడితే, వీధిలోకి లాగి నాలుగు దులిపితే, కాస్త తేలికపడేది. వదిన ఏమీ అనలేదు. మంచినీళ్ళిమ్మని అడిగేది, ఇస్తే తాగేది. ఎడంపక్క ఉన్న చెంబు కనిపించక చెయ్యి తగిలి ఒలికిపోతే, తనే తుడుచుకునేది. ఆ తుడవడం చూస్తుంటే బొంతలక్కకి ప్రాణం పోయేది. భర్త ఒకే ఒక్కసారి, ఆర్డరు అయిపోయిందా అని అడిగి, అన్నం పళ్ళెం సగంలో వదిలేసి పనికి వెళ్ళిపోయాడు. పనిగదిలో సగం కుట్టిన బొంత నేలమీద అలాగే ఉంది. ఇన్నేళ్ళలో మొదటిసారి దానిమీద దుమ్ము పడింది.

కొన్నాళ్ళకి వదిన తనంతట తనే బల్ల దగ్గరికి వచ్చింది. ఒక కన్నుతో దూరం అందక రంగు చట్రం బయట ఒలికింది. అయినా కలిపింది, నీలం. అచ్చమైన నీలం. దాన్ని ఎవరికీ చూపించలేదు, ఎవర్నీ పలకమనలేదు. గుడ్డముక్క పట్టుకుని గడపదాకా వెళ్ళి, ఇదేం రంగయ్యా అని ఎదురు కొట్టు తాళాలతన్ని అడిగింది. అతను నీలమమ్మా అన్నాడు. మంచిదని తలూపి వచ్చి అచ్చువేసింది. బొంతలక్క మిషను ముందు కూర్చుని, చేతిలో కత్తెర పట్టుకుని, అదంతా విన్నది. తన చోటు వీధవతల మనిషికి పోయిందని ఎవరూ చెప్పక్కర్లేకుండానే అర్థమైంది, అందులో తప్పేమీ లేదని కూడా అర్థమైంది.

కొట్టావిడ వచ్చి ఆ నీలం చూసి పెదవి విరిచింది. ఇలాంటిది ఎక్కడైనా దొరుకుతుంది, నాకు పాత మబ్బురంగే కావాలి, అదైతేనే తీసుకుంటానంది. ఈసారి బొంతలక్క గుమ్మం దగ్గర అడ్డంపడలేదు. లోపలికి రానిచ్చింది, వదిన ఎదురుగానే మాట్లాడనిచ్చింది. ఆ రంగులు ఇక రావండి, వాటిని కలిపినవాళ్ళకి కన్ను బాగుపడిందని తన నోటితో తనే చెప్పింది. కొట్టావిడకి ఒక్కముక్క అర్థం కాలేదు. మళ్ళీ కనుక్కుంటానని వెళ్ళిపోయింది.

ఆవిడ వీధి మలుపు తిరిగేదాకా వదిన కిటికీలోంచి చూసింది. తర్వాత నీలం డబ్బా, ఎర్రడబ్బా తెచ్చి మరదలి ముందు పెట్టింది.

"నువ్వు కలుపు" అంది. "ఆ రంగు ఎలా ఉండేదో నేను చూడనే లేదు. రోజూ చూసిందానివి నువ్వే."

బొంతలక్క నా వల్ల కాదంది. చేతులు జోడించింది. వదిన గిన్నె ముందుకి జరిపింది. గత్యంతరం లేక బొంతలక్క నీలం పోసి, ఎరుపు చుక్క వేసి కలిపింది. ఇంకో చుక్క వేసింది. ఎంత కలిపితే ఆ రంగవుతుందో చేతికి తెలియదు, కంటికి మాత్రం బాగా తెలుసు. ఒక్కో చుక్కకీ ఒక్కో రోజు గుర్తుకొచ్చింది. షావుకారు తెల్లతాను విప్పిన రోజు. ఆ బల్బు కొన్న రోజు. కలుపుతుంటే కళ్ళు నిండిపోయి గిన్నె కనిపించలేదు, మోచేత్తో తుడుచుకుని మళ్ళీ కలిపింది. అదే రంగు వచ్చింది.

తెల్లగుడ్డ ముక్కకి ఇంత రాసి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పట్టుకుంది. కలిపినవాళ్ళు చెప్పకూడదు కాబట్టి నోరు మూసుకుని నిలబడింది. వదిన లేచి వచ్చి, ఎడంకన్ను పనికిరాదు కదా, మెడ పక్కకి తిప్పి, కుడికన్నుతో ఆ గుడ్డముక్కని చూసింది.

"ఊదా" అంది.

తర్వాత మరదలి మొహం కేసి చూసింది.

"చెప్పాను చూడు. నోరేమన్నా అరిగిపోయిందా నాకు?"

వదిన గుడ్డముక్క ఆమె చేతిలోంచి తీసుకుని, బల్ల అంచుకి తగిలించి, రబ్బరు పలక అందుకుని, చట్రం అవతలి కొస గట్టిగా పట్టుకోమంది. బొంతలక్క వెళ్ళి పట్టుకుంది.